చీటీ కింది వరుస

మొన్న శుక్రవారం పొద్దున డాబా మీద వడియాల గుడ్డ పరుస్తుంటే మా వీధి చివర మసీదు మైకు గరగరమంది. నమాజు వేళ కాని వేళలో ఆ మైకు మోగిందంటే ఆళ్లగడ్డలో మా వీధివాళ్లం, ఏ మతం వాళ్లమైనా సరే, చేతిలో పని ఆపి చెవి అటు పెడతాం. ముందు పేరు చెబుతారు, తర్వాత ఫలానావారి కొడుకని చెబుతారు, ఆ తర్వాత ఇంతెకాల్ అనే మాట వస్తుంది. చనిపోయారని ఉర్దూలో మర్యాదగా చెప్పే మాట అది. మొన్న వచ్చిన పేరు మా ఎదురింటి దర్జీ మామది. ఎనభై దాటిన మనిషి, ఏడాదిగా మంచం మీదున్న మనిషి, అనుకోని చావేమీ కాదు. అయినా పిండి గిన్నె పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాను. ఆయన కోసం ఏడ్చానో, ఆ మాట విని ఏడ్చానో నాకే తెలియలేదు. ఆ మాటకూ నాకూ నలభై ఏళ్ల నాటి పేచీ ఉంది.

అది ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. మా ఆయన ట్రాక్టరు మెకానిక్కు. శిరివెళ్ల నుంచి రుద్రవరం దాకా ఎవరి ట్రాక్టరు మొరాయించినా ఆయన్నే పిలుచుకుపోయేవారు. మా పెళ్లయిన రెండో ఏడు కువైట్‌లో మెకానిక్కులు కావాలని కడప మనిషొకడు చెబితే వెళ్లారు. వెళ్లొద్దని నేను అనలేదు, వెళ్లమనీ అనలేదు, ఆ వయసులో మనల్ని అడిగేదెవరు. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎరుపూ నీలమూ అంచున్న ఆ పల్చటి విమానం కవరు. అది రావడానికి పన్నెండు రోజులు, మన జవాబు పోవడానికి మరో పన్నెండు. జ్వరంగా ఉందని అందులో రాసి ఉంటే, మనం చదివే వేళకు ఆ జ్వరం తగ్గి ఉండొచ్చు, ముదిరి ఉండొచ్చు. మనం చదువుతున్నది ఎప్పుడూ పన్నెండు రోజుల కిందటి మనిషినే. ఆ సంగతి నాకు బాగా ఒంటబట్టింది ఆ చలికాలం వచ్చిన ఉత్తరంతోనే.

నెల రోజులుగా దగ్గు అని రాశారు. సాయంత్రమైతే ఒళ్లు వేడెక్కుతోందని, ప్యాంట్లు వదులైపోయాయని రాశారు. కంపెనీ వాళ్ల ఆసుపత్రిలో గుండెకు ఫోటో తీసి, మందులిచ్చి, చీటీ రాసిచ్చారట. ఆ డాక్టరుది ఇంకేదో దేశం, హిందీ ముక్క రాదు, మా ఆయనకేమో ఆయన భాష రాదు. పరగడుపున ఒక ఎర్ర గొట్టం మాత్ర, దాంతో పాటు మరో రెండు రకాలు మింగమన్నట్టు సైగ చేశాడట. రెండో రోజుకే ఒంటికి పోతే నెత్తురు మాదిరి ఎర్రగా వచ్చింది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు ఆ చీటీ పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి పోయి, ఇదేం మందు, నాకేమైంది, నెత్తురెందుకు వస్తోంది అని వచ్చిన భాషలన్నిట్లోనూ అడిగారు. ఆ డాక్టరు అంతా తెలిసినవాడిలా తల ఊపి, చీటీ అడుగున తాను గీతలు గీసిన వరుసను వేలితో చూపించి, ఆ వేలినే తలుపు వైపు తిప్పాడట.

ఏ ఆయిలు పోస్తున్నామో తెలియకుండా ఇంజన్లో చుక్క కూడా పొయ్యని మనిషి మా ఆయన. తన ఒంట్లో మాత్రం పోస్తారా? మందులు ఆపేశారు. ఆ చీటీనే కవర్లో పెట్టి నాకు పంపి, నంద్యాలలో మన డాక్టరుకు చూపించి అసలు సంగతేమిటో రాయమన్నారు. నీ జవాబు వచ్చేదాకా ఒక్క మాత్ర మింగను అని చివర రాశారు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివాను. మింగితే ఏమవుతుందో తెలియదు, మింగకపోతే ఏమవుతుందో తెలియదు. పదో తరగతి తప్పిన నా మాట మీద ఒక మనిషి ప్రాణం ఆగి ఉంది.

చీటీ విప్పి చూశాను. పైన ఇంగ్లీషులో నాలుగు వరుసలు, డాక్టర్ల రాత, అది మనకు ఎటూ అర్థం కాదు. అడుగున అరబ్బీలో ఒకే ఒక్క వరుస. దాని కింద కాగితం చిరిగేలా ఒత్తి గీసిన రెండు గీతలు. మందుల పేర్లకు లేని గీతలు దీనికెందుకున్నాయా అని నాకు భయమేసింది. నంద్యాలకు మరుసటి రోజు గానీ పోలేను. ఎదురింట్లో దర్జీ మామ ఉన్నాడు కదా, ఉర్దూ పేపరు రోజూ చదువుతాడు, ఖురాను చదువుతాడు, ఆ అక్షరాలూ ఈ అక్షరాలూ ఒకటే కదా అనుకుని రోడ్డు దాటి వెళ్లాను.

ఆయన మిషను తొక్కుతున్నాడు. నేను చీటీ ఇవ్వగానే కాలు ఆపకుండానే అందుకుని, పిల్లలకు పాఠం చదివినట్టు పైకే చదివాడు. ఇంతెకాల్ అన్నాడు. మరీజ్ అన్నాడు. అక్కడ మిషను ఆగిపోయింది. నడుమ ఏదో మాట దగ్గర తడబడి, చివర మున్‌ఫరిద్ అని గొణిగి, చీటీ మడతపెట్టి నాకిచ్చేశాడు.

"నా కండ్లు సరిగా కనపడ్డం ల్యాదు బిడ్డా. అద్దాలు మార్పిచ్చుకోవల్ల."

"నువ్వు సదివిన మొదటి మాట నాకు తెలుసు మామా," అన్నాను. "మిగతావి చెప్పు."

ఆ వీధిలో కాపురానికొచ్చిన మొదటి నెలలోనే ఆ మాట నేర్చుకున్నాను, మైకు నేర్పింది. ఆయన కత్తెర తీసి పక్కన పెట్టాడు. మరీజ్ అంటే జబ్బు మనిషి అన్నాడు. మున్‌ఫరిద్ అంటే ఒంటిగా అన్నాడు. నడుమ మాట నిజంగానే తనకు తెలియదన్నాడు. అది తెలియకపోయినా పోయేదేముంది? జబ్బు మనిషి, చావు, ఒంటిగా. డాక్టరు తలుపు వైపు వేలు ఎందుకు చూపించాడో నాకు తెలిసిపోయింది. ఇంటికి పోయి చావు అని చెప్పాడనుకున్నాను.

ఇంటికొచ్చి జొన్నరొట్టెలు చేశాను, రెండు మాడాయి. మా అత్త వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమి రాసినాడు మ్మే వాడు?"

"బాగుండాడంట అత్తా. ఆడ చలి జాస్తిగా ఉండాదంట."

"స్వెట్టరు ఏసుకోమని రాయి. చెప్పకుంటే ఏసుకోడు వాడు."

రాస్తానన్నాను. ఆవిడ ముందు ఏడవకూడదని పొయ్యి దగ్గరే కూర్చున్నాను, పొగ మీదికి నెట్టొచ్చని. అంత అబద్ధం అంత మామూలుగా ఎట్లా చెప్పానో ఇప్పటికీ నాకు వింతే.

తెల్లవారి నేను బస్టాండుకు బయలుదేరేసరికి దర్జీ మామ చేతిసంచితో వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. పెళ్లివారి బట్టలు అంగట్లో కుప్పగా ఉన్నాయి, అయినా అంగడి మూసేశాడు. నంద్యాలలో తనకూ పనుందన్నాడు. ఏం పనని నేను అడగలేదు. బస్సు ఊరు దాటే దాకా శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్లలో ఉలి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి, ఒక్కో దెబ్బా నా నెత్తి మీద పడినట్టే ఉంది. ఉత్తరం మీద తేదీ నుంచి ఎన్ని రోజులైందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పదమూడు. ఆ మందే ఆయన నెత్తురు తీస్తుంటే పదమూడు రోజులుగా దాన్ని ఆపి మంచి పని చేస్తున్నట్టు. ఆ మందే ఆయన్ను నిలబెట్టేదైతే పదమూడు రోజులుగా చేతులారా చచ్చిపోతున్నట్టు. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుందామని చేతులు జోడించి, ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరికే స్వామీ స్వామీ అనుకున్నాను.

శిరివెళ్ల దగ్గర పత్తి వేసుకున్న ట్రాక్టరొకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి ఉంది. బస్సు కదల్లేదు. మగవాళ్లంతా దిగి తలా ఒక సలహా ఇచ్చారు. మన ఆళ్లగడ్డ మెకానిక్కు ఉండింటే ఐదు నిమిషాల్లో కదిలిచ్చేటోడప్పా అని కిటికీ పక్కన ఎవరో అన్నారు. ఆ మెకానిక్కు భార్యనే కిటికీ లోపలున్నానని వాళ్లకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. దర్జీ మామ నా వైపు చూడకుండా తన చేతిసంచి సర్దుకుంటూ కూర్చున్నాడు.

నంద్యాల డాక్టరు పెద్దవాడు, మాట పెళుసు. మా ఇంట్లో అందరికీ ఆయనే. చీటీ చేతికిచ్చి, ఉత్తరంలో సంగతి చెప్పాను. ఒంటికి పోతే నెత్తురొస్తోందని పరాయి మగవాళ్ల ముందు చెప్పాల్సి వస్తే ఆ రోజుల్లో మనకెంత సిగ్గో చెప్పక్కర్లేదు, ఆ రోజు మాత్రం సిగ్గు గుర్తుకే రాలేదు. ఆయన పై నాలుగు వరుసలు చదివి అద్దాలు తీశాడు.

"క్షయ మందులమ్మా ఇవి. నిలిపినాడా? ఎన్ని దినాలైంది?"

పదమూడు రోజులన్నాను. ఆయన బల్ల మీద గట్టిగా చరిచాడు.

"అది రగతం కాదమ్మా, రంగు! ఆ గొట్టం మాత్ర రంగే అంత. ఎర్రగా వస్తాండాదంటే మందు ఒంట్లోకి పోతాండాదని గుర్తు. ఈ జబ్బుకు మందు నడుమ నిలిపితే అంతకంటే చేటు ల్యాదు. బేగ పోయి తంతి కొట్టు!"

నెత్తురు భయం పోయింది, దాని చోట క్షయ భయం వచ్చి కూర్చుంది. మా అత్త తమ్ముడు ఆ జబ్బుతోనే దూరాన ఎక్కడో శానిటోరియంలో పోయాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్లు కారు, దగ్గు జబ్బు అనేవాళ్లు. అయినా ఇంత దూరం వచ్చి అసలు మాట అడక్కుండా పోలేను. అడుగు వరుస మీద వేలు పెట్టి, దీంట్లో చచ్చిపోతాడని రాసుందంట సార్ అన్నాను. దర్జీ మామ తల వంచుకున్నాడు.

"సచ్చేవానికి ఏడాది మందు ఎవడన్నా రాస్తాడామ్మా?" అన్నాడు డాక్టరు. ఆ మాటకు ఊపిరి కొంచెం ఆడింది. కానీ ఆయన కూడా ఆ రెండు గీతల వైపు మరోసారి చూశాడు. ఈ అక్షరాలు నాకు రావు, తెలిసినవాళ్లనే అడగండి అన్నాడు. చీటీ మడిచి కొంగున ముడి వేసుకున్నాను.

అప్పుడు దర్జీ మామే ఒక మసీదు వెనక సందులోకి తీసుకుపోయాడు. పిల్లలకు అరబ్బీ నేర్పే పెద్దాయన ఒకరు అక్కడుండేవారు. చదవడమే కాదు, ఆ భాష అర్థం కూడా తెలిసిన మనిషి. ఆయన ఆ వరుస రెండు సార్లు చదివి, నువ్వు ఏమని చదివినావని దర్జీ మామను అడిగాడు. మామ చెప్పలేక చెప్పాడు. పెద్దాయన తల మీది టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఇంతెకాల్ అంటే మన ఉర్దూలో సావేనమ్మా. అరబ్బీలో కాదు. ఆడ ఆ మాటకు ఒక తావు నించి ఇంగో తావుకు మారేది అని, అంతే. సావు అనే మాట నోటితో అనల్యాక మనోళ్లు మారినారు అని చెప్పుకున్యారు. ఈడ రాసిండేది ఏందంటే, జబ్బు మనిషిని ఒంటి గదికి మార్చండి అని."

మామకు తెలియని ఆ నడుమ మాట గది. డాక్టరు వేలు చూపింది చావు వైపు కాదు, వేరే గది వైపు. ఆ వరుస అసలు మా ఆయన కోసం రాసిందే కాదు, అక్కడ పనివాళ్ల గదులు చూసే మనిషికి రాసింది. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకుంటామని ఆయన ముందొక ఉత్తరంలో రాశారు. వాళ్లకు అంటుకోకుండా ఈయన్ను వేరే గదికి మార్చమని రాసిచ్చిన చీటీని ఈయన తీసి ఆళ్లగడ్డకు పోస్టు చేశారు.

దర్జీ మామ అక్కడే మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాఫ్ చెయ్ బిడ్డా, మాఫ్ చెయ్ అన్నాడు. అబద్ధమెందుకు, ఆ క్షణాన నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఒక పగలూ ఒక రాత్రీ నేను మనసులో విధవగా బతికాను, అది ఆయన నోటి నుంచే వచ్చింది. తర్వాత ఆయన చేతిసంచి కంట్లో పడింది. అందులో నా కోసం తెచ్చిన మంచినీళ్ల సీసా, రెండు అరటిపళ్లు ఉన్నాయి. పనుందని వచ్చిన మనిషి చేతిలో ఇంకేమీ లేదు. కోపం నిలవలేదు.

పోస్టాఫీసులో తంతి రాసుకునే గుమస్తా నన్ను రెండు సార్లు తల ఎత్తి చూశాడు. మాత్రలు ఆపొద్దు, ఎరుపు నెత్తురు కాదు, వేరే గదికి మారు. నేను తెలుగులో చెప్పిన మూడు ముక్కలూ ఆయనే ఇంగ్లీషులో పెట్టాడు. అరబ్బీ వరుసను పెద్దాయన చేత శుభ్రంగా వేరే కాగితం మీద రాయించి ఉత్తరంలో పంపాను. అసలు చీటీ మళ్లీ పోస్టులో పోతుందేమోనన్న భయంతో పంపలేదు, అట్లా నా దగ్గరే ఉండిపోయింది. మా అత్తకు మాత్రం, వాడు గది మారుతున్నాడంట అని చెప్పాను. మారనీలే, గాలొచ్చే గది చూసుకోమను అంది.

తంతి అందిందో లేదో తెలియదు. అందినా నమ్మారో లేదో తెలియదు. జవాబు రావడానికి ఇరవై రోజులకు పైగా పట్టింది. ఆ ఇరవై రోజులూ మసీదు మైకు గరగరమంటే చాలు, చేతిలో చెంబు జారిపోయేది. కువైట్‌లో ఉన్న మా ఆయన పేరు మా వీధి మైకులో వస్తుందా, పిచ్చి కాకపోతే! కానీ భయానికి అంత తెలివి ఉండదు. పేరు పూర్తిగా విని, మనది కాదని తేల్చుకుని, మళ్లీ ఆ పోయినవాళ్ల ఇంటివాళ్లు గుర్తొచ్చి సిగ్గుపడేదాన్ని. దర్జీ మామ రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు మిషను ఆపి గుమ్మంలో నిలబడేవాడు. పోస్టుమాన్ దాటిపోతే మళ్లీ లోపలికి పోయి మిషను తొక్కేవాడు.

చివరికి కవరు వచ్చింది. తంతి అందిన పూటే ఎర్ర మాత్ర మింగారట. మేడ మీద ఒంటి గది ఇచ్చినారు, దొర మాదిరి ఉండానని రాశారు. అందరూ బిక్కుబిక్కుమంటుంటే ఆయనకు మాత్రం వేళాకోళం. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని చెప్పుల్లేకుండా రోడ్డు దాటి పరిగెత్తాను. మామకు చదివి వినిపిస్తే మళ్లీ ఏడ్చాడు, ఈసారి నేనూ ఏడ్చాను. మరుసటి ఏడు మా ఆయన సగం మనిషై తిరిగొచ్చారు. మిగిలిన మందు నంద్యాల డాక్టరే మింగించాడు. తర్వాత బస్సు రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా ట్రాక్టర్లు బాగు చేశారు, మళ్లీ దేశం దాటలేదు.

నాలుగేళ్ల కిందట ఆయన పోయారు. గుండె ఆగింది, చీటీ రాయించుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. అప్పటికే సరిగా నడవలేని దర్జీ మామ మనవడి భుజం పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. నా పక్కన చాలా కష్టపడి కింద కూర్చుని, నా చెవి దగ్గర చెప్పాడు.

"ఇంతెకాల్ బిడ్డా. అరబ్బీలో అనుకో."

చుట్టూ కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ రోజంతా నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. మేడ మీద ఒంటి గదికి మారారు, దొర మాదిరి ఉన్నారు అనుకున్నాను.

మొన్న మైకు మోగిన తర్వాత ట్రంకు పెట్టె తీసి ఆ చీటీ బయటికి తీశాను. నా కూతురి కూతురు ఇక్కడే ఉండి నంద్యాలలో చదువుకుంటోంది. నా చేతిలోది చూసి, ఏందవ్వా అది అంటూ ఫోను తెచ్చి చీటీ మీద పట్టుకుంది. రోగిని ప్రత్యేక గదికి మార్చడం అని తెలుగులో అద్దం మీద పడింది. కళ్లు మూసి తెరిచేంత సేపు కూడా పట్టలేదు. ఇంతేనా, దీనికా ఏడుస్తాండావ్ అంది. ఇంతే అన్నాను. దాన్ని తప్పు పట్టను. ఇప్పటివాళ్లకు ఏ భాష చీటీ అయినా భయం లేదు, ఆ భయం పోవడం మంచిదే. అయితే ఆ భయంలో మన కోసం అంగడి మూసుకుని, సంచిలో నీళ్ల సీసా పెట్టుకుని బస్సెక్కే మనిషి ఒకడుండేవాడు. ఫోను చీటీ చదివి పెడుతుంది గానీ, తప్పు చదివినందుకు మెట్టు మీద కూర్చుని ఏడవదు.

ఆ పూట రోడ్డు దాటి వాళ్లింటికి వెళ్లాను. మామ కూతురు నన్ను పట్టుకుని, మా అబ్బా ఇంతెకాల్ అయిపోయినాడక్కా అని తండ్రిని తలుచుకుని భోరుమంది. అరబ్బీలో అనుకో అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ పిల్లకు ఈ కథ తెలియదు. ఆ మాటను రెండు భాషల్లోనూ విన్నవాళ్లం ఆళ్లగడ్డలో ముగ్గురమే, మా ఆయన, దర్జీ మామ, నేను. చీటీలో ఆ మొదటి మాటకు రెండు అర్థాలున్నాయని నంద్యాలలో నేర్చుకున్నాను. చివరి మాట మున్‌ఫరిద్‌కు మాత్రం ఉర్దూలోనూ అరబ్బీలోనూ ఒంటిగా అని ఒకటే అర్థమట, ఆ పెద్దాయన ఆనాడే చెప్పాడు. అప్పుడు వినిపించుకోలేదు.